గోడ మీదుగా చూసే నీలిగుత్తి

ఒకప్పుడు నీలిగుత్తికి ఉన్నంత గారాబం ఏ మొక్కకీ ఉండేది కాదు. నర్సరీ వాళ్ళు అగపాంథస్ అని చిన్న బోర్డు గుచ్చి అమ్ముతారే, అదే. నోరు తిరగకపోతే నాలాగా నీలిగుత్తి అనేయండి, అదేమీ అనుకోదు. ఇప్పుడు అనుకోదు గానీ, ఆ రోజుల్లో అయితే వారం రోజులు అలిగేది.

అబ్బో, అప్పటి దాని టెక్కు చూసి తీరాలి. పొద్దున ఒక చెంబు నీళ్ళు, మధ్యాహ్నం ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు. ఒక పూట ఆలస్యమైందా, ఆకులన్నీ వాల్చేసి మూతి ముడుచుకునేది. ఎండ తగిలితే మంట, నీడ పడితే చలి, గాలి కాస్త గట్టిగా వీస్తే నడుం నొప్పి. వేళ్ళు చూస్తే వెంట్రుకల్లా ఉండేవి. రేపటికి ఒక చుక్క దాచుకుందామన్న ఆలోచనే ఉండేది కాదు. పోనీ పూలైనా బాగుండేవా అంటే అదీ లేదు. ఆకుల మధ్య, మట్టికి ఆనుకుని, పాలిపోయిన తెలుపులో రెండో మూడో పూసేది. వంగి వెతికితే గానీ కనిపించేవి కావు.

అట్లాంటి మొక్క ఎవరింట్లో పడిందో చెబితే మీరు నవ్వుతారు. ఒకచోట కాలు నిలవని గొర్రెల కాపరుల ఇంట్లో పడింది.

ఆ ఇంటావిడ పేరు కొమురవ్వ. రాళ్ళగుట్ట పక్కన పాతిక ఇళ్ళ పల్లె. అక్కడ వాళ్ళకి ఇల్లంటూ ఉందన్న మాటే గానీ, ఏడాదిలో నాలుగైదు నెలలు దానికి గొళ్ళెమే. గుట్ట మీద గడ్డి అయిపోగానే మందను తోలుకుని ఏటి పక్క ఊళ్ళకి వలస పోవాలి. కొమురవ్వ పుట్టింది కూడా వలసదారిలోనే, ఒక తుమ్మచెట్టు కింద. నడక నేర్చింది మంద వెనకాల. మొగుడు బీరయ్య కూడా ఆ దారిలో కలిసినవాడే.

వలస పోయేటప్పుడు మిగతా ఇళ్ళలో ఎవరో ఒకరు ఉండిపోయేవాళ్ళు. ఒక ముసలమ్మో, ఒక బాలింతో. పోయేవాళ్ళు గడప దాటుతూ "పోయొస్తం" అనేవాళ్ళు, ఉన్నవాళ్ళు "పైలంగ పోయి రాండ్రి" అనేవాళ్ళు. కొమురవ్వ ఇంట్లో ఉండేది ఇద్దరే, ఆ ఇద్దరూ పోయేవాళ్ళే. తలుపు గొళ్ళెం పెట్టి, పోయొస్త అని ఎవరికి చెప్పాలో తెలియక ఊరికే నడిచిపోయేది. తిరిగొచ్చేటప్పుడు అందరూ ఊరు కనిపించగానే అడుగులు పెంచితే, ఈమె మాత్రం మంద వెనకే వచ్చేది. తొందరెందుకు? ఇంట్లో ఎవరున్నారని?

ఈ బాధ ఆమె ఎవరితోనూ చెప్పుకోలేదు. బీరయ్యకి చెప్పకుండానే తెలుసు.

ఒక వానాకాలం బీరయ్య ఎక్కడో దూరపు కొండ మీద మేపుతుంటే ఈ మొక్క కంటపడింది. వేళ్ళతో సహా తవ్వి, గొంగడిలో చుట్టి ఇంటికి తెచ్చాడు.

"ఇగో, ఇది నడవదు," అన్నాడు. "మనం ఎటు పోయినా ఇది ఇంట్లనే ఉంటది."

కొమురవ్వ మొక్కని రెండు చేతులా అందుకుంది. అంచు పగిలిన పెద్ద గోళెం ఒకటి ఉంటే దాంట్లో మట్టి నింపి, మొక్క నాటి, పెరటి గోడ లోపల పెట్టింది. సాయంత్రానికి మొక్క తల ఎత్తి "అవ్వా, దూప అయితున్నది" అంది. ఆ ఊళ్ళో దూప అంటే దాహం, పిల్లలు తల్లిని అవ్వ అనే పిలుస్తారు. ఆ ఒక్క పిలుపుకి కొమురవ్వ కరిగి నీరైపోయింది.

ఇక మొదలైంది సేవ. కొమురవ్వకి పెంచడమంటే గొర్రెపిల్లల్ని పెంచడమే తెలుసు. తల్లి గొర్రెలు మేతకి పోయినప్పుడు చిన్నపిల్లలు వెంటపడి కాళ్ళ కింద నలిగిపోకుండా ఇంటి దగ్గర గంపల కింద మూసి పెడతారు. నీలిగుత్తి పక్కన పిలకలు లేవగానే ఆమె అదే చేసింది. ఒక్కొక్క పిలకనీ తల్లి నుంచి ఊడదీసి, వేరే ముంతలో నాటి, మీద గంప బోర్లించింది. వారానికోసారి గొర్రెల గిట్టలు చూసినట్టు, కొడవలి మొనతో మట్టి తవ్వి మొక్క వేళ్ళు కూడా చూసేది. అంతా బాగుందా లేదా అని. పాపం, ప్రేమ కొద్దీ చేసిందే.

గంపల కింద పిలకలు పాలిపోయాయి. గోళెంలో తల్లిమొక్క ఒంటరిగా నిలబడి, తనకేం కావాలో తనకే తెలియక, ఇంకా ఎక్కువ నీళ్ళు అడిగేది.

ఆ ఏడూ మరుసటి ఏడూ వానలు దండిగా పడ్డాయి, వలస పోయే పని పడలేదు. మూడో ఏడు వాన మొహం చాటేసింది. గుట్ట మీద గడ్డి తెల్లబడి పొడి అయింది. బావిలో చేద వేస్తే అడుగు తగిలి టప్పున చప్పుడయ్యేది. ఒక్కొక్క ఇల్లే కదిలింది. ఈసారి ముసలమ్మల్ని కూడా గాడిదల మీద ఎక్కించుకుని పోయారు. పల్లెలో మిగిలింది బీరయ్య మంద ఒక్కటే.

"పోదాం పా కొమురా," అన్నాడు బీరయ్య.

"నాలుగు రోజులు ఆగయ్యా."

"నాలుగు రోజులని పది దినాలాయె."

"ఇది ఎట్ల బతుకుతది? పగటి నీళ్ళు ఒక్క పూట తప్పితేనే వాలిపోతది. నాలుగు నెలలు ఎట్లుంటది?"

మొక్కని వెంట తీసుకుపోవచ్చు కదా అని మీరు అడుగుతారని నాకు తెలుసు. ఆమెకీ తట్టింది. గోళెం నెత్తిన పెట్టుకుని ఊరి పొలిమేర దాకా నడిచింది. ఆ కుదుపుకే వెంట్రుకల్లాంటి వేళ్ళు పుటుక్కు పుటుక్కున తెగాయి. మొక్క ఏడుపు వినలేక వెనక్కి తెచ్చి మళ్ళీ గోడ దగ్గరే పెట్టింది.

బీరయ్య గొంతు పెంచే మనిషి కాదు. ఆమెను దొడ్డి దగ్గరికి తీసుకుపోయి చూపించాడు. రెండు గొర్రెలు లేవలేక పడి ఉన్నాయి. పొద్దున్నే కడుపు కింద చేతులు పెట్టి లేపి నిలబెడితే గానీ నిలబడవు. "ఇవ్వాళ రెండు," అన్నాడు. "ఆదివారానికల్లా ఎన్నో నాకు ఎర్క లేదు. నువ్వు రాకుంటే నేను పోను. ఇద్దరం ఈడనే ఉంటే మంద మొత్తం పోతది. నువ్వే చెప్పు, ఏం చేద్దాం?"

కొమురవ్వ పడి ఉన్న గొర్రె పక్కన కూర్చుని దాని తల ఒళ్ళోకి తీసుకుంది. మంద పోతే వాళ్ళకి బతుకే లేదు. మొక్క పోతే ఆమె కోసం ఎదురుచూసేది ఈ భూమ్మీద ఇంకేదీ లేదు.

మరునాడు మధ్యాహ్నం ఆమె చెంబు పట్టుకుని గోళెం దగ్గరికొచ్చింది. బావిలో ఊరిన నీళ్ళు మనిషికో చెంబు వచ్చాయి. తన చెంబు తెచ్చి మొత్తం మొక్క మొదట్లో ఒంపేసింది. ఆమె పెదవులు పగిలి ఉన్నాయి. గోడకి ఆనుకుని కూర్చోబోయి, కూర్చోలేక జారిపోయింది.

పుట్టి బుద్ధెరిగాక నీలిగుత్తి ఎవరినీ ఏమీ అడగలేదు, నాకు ఇవ్వు అని తప్ప. ఆ రోజు మొదటిసారి ఇంకో మాట అడిగింది.

"అవ్వా, నువ్వు తాగినవా?"

"తాగిన బిడ్డా," అంది కొమురవ్వ, కళ్ళు మూసుకునే.

దొడ్డి గోడ మీద తల ఆనించి బొల్లి ఇదంతా చూస్తోంది. బొల్లి అంటే మందలో అందరికంటే ముసలి గొర్రె, మొహం మీద తెల్ల మచ్చ. దానికి మొహమాటం తక్కువ. "అబద్ధం," అంది. "నిన్న కూడా తాగలే. నీకే పోస్తున్నది."

మొక్క ఆకులు ఒక్కసారి నిటారుగా అయ్యాయి. ఒంట్లో ఉన్న నీళ్ళు ఎవరివో అప్పుడు తెలిసింది దానికి. సిగ్గుతో మళ్ళీ ఆకులు వాల్చేసింది.

తర్వాత మెల్లగా అడిగింది. "పెద్దమ్మా, గింత ఎండల మీరు ఎట్ల ఉంటరు? మీ కాళ్ళు కాలవా?"

"అటు చూడు," అంది బొల్లి. దొడ్డిలో గొర్రెలన్నీ ఒకచోట ముద్దలా చేరి నిలబడ్డాయి. దేని తల కూడా బయటికి లేదు. ఒకదాని తల ఇంకోదాని కడుపు కింద, దాని తల మరోదాని కడుపు కింద. "నా నీడ నాకు పడదు బిడ్డా, పక్కదానికి పడుతది. దాని నీడ నాకు పడుతది. ఒక్కదాన్ని అయితే నేనెప్పుడో మాడిపోదును. ఇరుకు అనుకోవద్దు. ఆ ఇరుకే మాకు చెట్టునీడ."

మొక్క గంపల వైపు చూసింది. తన పిలకలు ఒక్కొక్కటి ఒక్కో ముంతలో, ఒక్కో చీకట్లో ఉన్నాయి.

గోడ మేకుకి బీరయ్య తోలుతిత్తి వేలాడుతోంది. దారిలో తాగడానికి నీళ్ళు మోసే సంచి అది. మేకతోలుతో కుట్టింది. అది కూడా గొంతు సవరించుకుంది. "నన్నెవరూ అడగలే గానీ, నేనూ ఒక మాట చెప్త. దొరికిన నాడు కడుపు నిండ తాగాలె. తాగి మూతి బిగించాలె. పక్కనోళ్ళకి పానం మీదికొస్తే తప్ప విప్పొద్దు. నాకు తెలిసిన విద్య గిదొక్కటే."

"నా వేళ్ళు వెంట్రుకల్లెక్క ఉన్నయి. ఎట్ల దాచుకోను?"

"నేను కూడా ఒకప్పుడు మేకనే," అంది తిత్తి. "ఎవరం పుట్టుకతో తిత్తులం కాదు."

సాయంత్రం కొమురవ్వ లేచి మొహం తుడుచుకుంటుంటే నీలిగుత్తి పిలిచింది. "అవ్వా, ఆ గంపలు తియ్యి. నా పిల్లల్ని అన్నింటిని నా గోళెంలనే పెట్టు."

"ఇరుకైతది బిడ్డా. ఊపిరాడదు."

"ఇరుకే కావాలె నాకు. పెట్టినంక కడవెడు నీళ్ళు పొయ్యి. ఇగ పొద్దున్నే మందను తోలుకొని పో."

కొమురవ్వ గోళెం అంచు పట్టుకుని అక్కడే కూలబడింది. "నేనొచ్చేసరికి నువ్వు లేకుంటే? ఉత్త గోళెం చూడలేనే నేను. అంతకంటే రాకుండ ఉండుడే నయం."

"ఉంట," అంది మొక్క. దానికి మాత్రం నమ్మకం ఎక్కడిది? అయినా గట్టిగా చెప్పింది. "గోడ మీంచి నీకోసం చూస్తుంట. నువ్వు ఊరి మలుపు తిరగంగనే గోడ దిక్కు చూడు."

గోడేమో మనిషి ఎత్తు, మొక్కేమో మోకాలెత్తు కూడా లేదు. కొమురవ్వకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. పిలకలన్నీ తెచ్చి తల్లి చుట్టూ కుక్కి, మట్టి అదిమింది. బీరయ్య బావిలోకి దిగి, చిప్పతో తోడి తోడి, ఎట్లాగో ఒక కడవ నింపి తెచ్చాడు.

పొద్దున తలుపు గొళ్ళెం పెట్టి కొమురవ్వ గోళెం ముందు నిలబడింది. పుట్టినప్పటి నుంచి అనాలనుకుని ఎవరితోనూ అనలేని మాట నోటిదాకా వచ్చింది.  అనేసింది. "పోయొస్త బిడ్డా."

"పోయి రా అవ్వా," అంది మొక్క.

పోయిందా అంటే ఎక్కడ? మూడుసార్లు వెనక్కొచ్చింది. ఒకసారి గోళెం కింద రాయి సరిచేయడానికి, ఒకసారి ఎండుటాకు తీయడానికి, మూడోసారి ఏ పనీ లేకుండానే. నాలుగోసారి బీరయ్య చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయాడు.

ఇక మొదలయ్యాయి మొక్క కష్టాలు. కడవెడు నీళ్ళు తాగి మూతి బిగించింది. దాచడం అలవాటు లేని వేళ్ళు ఉబ్బి ఉబ్బి సలిపాయి. వారం తిరిగేసరికి ఒక్కొక్క వేరూ మనిషి వేలంత లావైంది. లోపల నీళ్ళు, పైన మందపాటి తోలు, చిన్న చిన్న తిత్తుల్లా. పిలకలకీ తల్లిని చూసి అదే వచ్చింది. చోటు చాలక వేళ్ళు ఒకదాన్నొకటి చుట్టుకున్నాయి. తల్లి ఆకు నీడ పిలక మొదట్లో పడింది, పిలక ఆకు నీడ తల్లి మొదట్లో పడింది. బొల్లి చెప్పింది నిజమే అనుకుంది మొక్క. ముంతల్లో విడివిడిగా ఉన్నప్పుడు లేని హాయి ఇప్పుడు ఆ ఇరుకులో ఉంది.

సూర్యుడు రోజూ నడినెత్తికి రాగానే వంగి చూసేవాడు. "ఉన్నవా?" అని అడిగేవాడు.

"ఉన్న," అనేది మొక్క.

"నా మీద కోపం పెట్టుకోకు. కాయకుండ ఉండుడు నా చేతుల లేదు."

"ఎర్కనే. నీకు లోకమంత కనపడుతది గద, మా అవ్వ కనపడుతదా?"

"ఎందుకు కనపడదు? ఏటి ఒడ్డుకి ఉన్నది. జీవాలు లేచి తిరుగుతున్నయి. నీళ్ళు తాగినప్పుడల్లా మీ ఊరి దిక్కు మళ్ళి చూస్తున్నది."

ఆ ఒక్క మాటతో మొక్క ఇంకో రోజు నిలబడేది.

చుట్టూ గోడలు. పైన ఆకాశం. నాలుగు నెలలు దాని కంటికి ఆ నీలం తప్ప వేరే ఏ రంగూ కనిపించలేదు. మబ్బు వస్తుందేమోనని పొద్దస్తమానం అటే చూసింది. చూసి చూసి ఆ నీలం దాని ఒంట్లోకి దిగిపోయింది.

ఒక రోజు సూర్యుడు అడిగితే మొక్క పలకలేదు. రెండోసారి అడిగాడు. బదులు లేదు. పాపం, ఆయన గాభరా పడ్డాడు. "ఓ బిడ్డా, మంద ఇటు మళ్ళింది. ఎల్లుండికి ఇంట్ల ఉంటరు," అని గట్టిగా అన్నాడు.

గోళెంలో కదలిక వచ్చింది. "ఎల్లుండా?" అంది మొక్క. "నేను గోడ మీంచి చూస్త అని చెప్పిన."

తల్లి వేళ్ళలో మిగిలింది గుక్కెడు. ఆ గుక్కెడుతో గోడెత్తు లేవడం జరిగే పని కాదు. అప్పుడు చుట్టూ ఉన్న పిలకలు మూతులు విప్పాయి. వేళ్ళన్నీ పెనవేసుకుని ఉన్నాయి కదా, ఎవరి నీళ్ళు ఎవరివో తేడా ఏముంది? ఒక్కొక్కటీ తన చుక్క తల్లివైపు తోసింది. ఆకుల మధ్య నుంచి ఒక కాడ లేచింది. ఆకు లేదు, కొమ్మ లేదు, ఉత్త కాడ. మధ్యలో ఎక్కడా ఆగకుండా పొద్దుటికి ఒక జానెడు, సాయంత్రానికి ఇంకో జానెడు. అది చూసి పిలకలకి కూడా పౌరుషం వచ్చింది. పక్కనే ఇంకో కాడ, ఇంకో కాడ.

ఎల్లుండి వచ్చింది. పడమట మబ్బు పట్టింది. మంద ఊరి మలుపు దగ్గరికి చేరింది. ఏటి దగ్గర కలిసి తిరిగొచ్చిన మిగతావాళ్ళు అప్పటికే అడుగులు పెంచి ఎవరిళ్ళకి వాళ్ళు పోయారు. కొమురవ్వ కాళ్ళు మాత్రం మలుపు దగ్గర ఆగిపోయాయి. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"నువ్వు ముందు పోయి చూడయ్యా," అంది బీరయ్యతో. "ఉత్త గోళెం ఉంటే, నేను రాకముందే తీసెయ్. నాకు చూపియ్యకు."

బీరయ్య కదల్లేదు. ఆయనకీ చూసే ధైర్యం లేదు. బొల్లి మాత్రం తన మానాన నాలుగడుగులు ముందుకేసి, మెడ చాచి, తాపీగా అరిచింది. "కొమురా, కొంగు తీసి గోడ దిక్కు చూడు."

గోడ మీద ఏడు నీలం గుత్తులు. గుండ్రంగా, ఒక్కొక్కటీ చిన్నపిల్ల తలంత ఉన్నాయి. పొడుగాటి కాడల మీద నిలబడి, గోడ మీంచి తొంగిచూస్తూ, గాలికి ఇటూ అటూ ఊగుతున్నాయి. ముందు లేచింది తల్లిది, పక్కన ఆరూ పిల్లలవి.

పుట్టిన నలభై ఏళ్ళలో కొమురవ్వ మొదటిసారి మందని దాటుకుని ఇంటివైపు పరుగెత్తింది.

గోళెం పక్కన కూర్చుని ఎంతసేపు ఏడ్చిందో లెక్కలేదు. మొక్క ఏమీ అడగలేదు. నీళ్ళు కూడా అడగలేదు. "నీళ్ళు తాగినవా అవ్వా?" అని మాత్రం అడిగింది.

కథ ఇక్కడితో అయిపోయి ఉండేది. కానీ కొమురవ్వ కొమురవ్వే కదా. వానలు పడగానే పాత సేవ మళ్ళీ మొదలుపెట్టింది. పూటకో చెంబు. "మస్తు ఇరుకుల ఉన్నరు నా పిల్లలు" అంటూ పిలకల్ని వేరు చేయడానికి గంపలు దులిపింది. వేళ్ళెట్లున్నాయో చూద్దామని కొడవలి తీసింది. పది రోజులకి ఆకులు పసుపు పచ్చబడ్డాయి. తిత్తులు నిండి, నీళ్ళు ఎటు పోవాలో తెలియక, వేళ్ళ కొసలు మెత్తబడ్డాయి.

"అవ్వా," అంది నీలిగుత్తి నెమ్మదిగా, "ఎండకి సావలేదు గానీ, నీ ప్రేమకి సచ్చేటట్టున్న."

కొమురవ్వ కొడవలి కింద పెట్టింది. "మరి నీకు నేనేం చెయ్యాలె? తల్లినైనంక ఏమీ చెయ్యకుండ ఎట్లుండాలె?"

"నన్ను తవ్వకు. నా పిల్లల్ని నా కాడనే ఉండనియ్. యాదికొచ్చిన నాడు గిన్ని నీళ్ళు పొయ్యి, మరిచిపోయినా తప్పు లేదు. ఎప్పటిలెక్కనే నీ పనికి నువ్వు పో." కాసేపాగి మళ్ళీ అంది. "పోయేటప్పుడు చెప్పి పో. వచ్చేటప్పుడు గోడ దిక్కు చూడు. గంతే."

కొమురవ్వ గంపలు గొర్రెపిల్లలకి ఇచ్చేసింది. కొడవలి చూరులో చెక్కింది. ఆ తర్వాత ఆమె ఎన్ని ఏళ్ళు బతికిందో, ఎన్నిసార్లు వలస పోయిందో నాకు తెలియదు. పోయిన ప్రతిసారీ గోళెం ముందు నిలబడి పోయొస్త అని చెప్పి పోయిందని మాత్రం తెలుసు. వచ్చిన ప్రతిసారీ మలుపు దగ్గర కొంగు సర్దుకుని మంద కంటే ముందు నడిచిందనీ తెలుసు.

అప్పటినుంచే నీలిగుత్తి ఎవరినీ సతాయించడం మానేసింది. ఎండకి ఓర్చుకుంటుంది, నీళ్ళు మరిచిపోయినా లావుపాటి వేళ్ళలో దాచుకున్నదాంతో గడిపేస్తుంది. ఎక్కువ పోస్తేనే దానికి ఒళ్ళు బాగుండదు. పిలకలతో కుండీ ఇరుకైన కొద్దీ ఎక్కువ పూస్తుంది, విడదీస్తే ఒకటి రెండేళ్ళు పూయకుండా బెంగ పెట్టుకుంటుంది. ఆకాశమంత నీలంగా పూస్తుంది. ఆ పూలని నేల మీద పూయదు, ఎత్తుగా లేచిన కాడ చివరే పూస్తుంది. ఊరెళ్ళిన వాళ్ళు ఇంకా రాలేదేమని చూడాలి కదా మరి.

మీ ఇంట్లో ఈ మొక్క ఉంటే, సెలవులకి వెళ్ళేటప్పుడు దాని గురించి బెంగపడకండి. తాళం వేసే ముందు ఒక్కసారి దగ్గరికి వెళ్ళి, పోయొస్తా అని చెప్పండి చాలు.